నాలుగు టేకులు కలిపి ఒక పాట: కోత ఎక్కడ పెట్టాలి, ఎంత సరిచేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. స్నేహితుడు కీబోర్డు మీద చేసిచ్చిన ట్రాక్ మీద మీ సొంత పాటను ఇంట్లోనే, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగుసార్లు పాడి రికార్డు చేశారు. ఏ టేకూ (ఒక విడత పాడింది) మొదటినుంచి చివరిదాకా బాగా రాలేదు. బాగున్న ముక్కలు కోసి కలిపితే అతికిన చోట ‘టిక్’ మంటోంది. ఊపిరి శబ్దాలు తీసేస్తే గొంతు అసహజంగా ఉంది. కొన్ని లైన్లు తాళం కంటే వెనకబడ్డాయి, గ్రిడ్‌కి (తెర మీద తాళం దెబ్బలు చూపే నిలువు గీతలకి) జరిపితే ఇంకా పాడైంది. ఆటో-ట్యూన్ (శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్) వేస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరో చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటో-ట్యూన్‌తో వీటిలో ఒక్కటీ సర్దుకోదు, దాని సంగతి తర్వాత చూద్దాం. మీరు కంటితో ఎడిట్ చేస్తున్నారు, అసలు ఇబ్బంది అక్కడే ఉంది. వేవ్‌ఫామ్ (తెర మీద శబ్దం అలల్లా కనిపించే బొమ్మ) సన్నబడిన చోట పదం అయిపోయిందనుకుని కోస్తున్నారు, లావెక్కిన చోట అక్షరం మొదలైందనుకుని గ్రిడ్‌కి జరుపుతున్నారు. పాడిన తెలుగులో ఈ రెండూ చాలాసార్లు నిజం కావు. ఏ అక్షరం వేవ్‌ఫామ్‌లో ఎలా ఉంటుందో తెలిస్తే మీ పని సగం తగ్గుతుంది. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ముందు ఒక భయం తీరుస్తాను. రీపర్‌లో మీరు ఎంత కోసినా హార్డ్‌డిస్క్‌లోని అసలు రికార్డింగ్ చెక్కుచెదరదు. తెర మీద కనిపించే ఐటెమ్ ‘ఫలానా ఫైల్లో ఇక్కడినుంచి ఇక్కడిదాకా వినిపించు’ అనే సూచన మాత్రమే. కోసిన ముక్క అంచు పట్టుకుని లాగితే దాగిన భాగం మళ్లీ బయటికొస్తుంది. ప్రో టూల్స్, క్యూబేస్, లాజిక్, ఎఫ్ఎల్ స్టూడియో అన్నింటిలోనూ మామూలుగా ఇంతే. పాత ఆడాసిటీలో మాత్రం కోసి, సేవ్ చేసి మూసేస్తే ఆ ముక్క ఇక రాదు. అయినా ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ప్రాజెక్టును వేరే పేరుతో ఒకసారి సేవ్ చేసుకోండి. పొరపాటున ఆడియో ఫోల్డరు డిలీట్ చేస్తే ఏ కంట్రోల్ జెడ్డూ కాపాడదు కాబట్టి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కూడా వేసుకోండి.

ఇప్పుడు మౌసు పక్కన పెట్టి కాగితం తీయండి. పాటను లైను లైనుగా రాసి పక్కన నాలుగు గళ్లు గీయండి. టేకులను మొత్తంగా వినొద్దు. మొదటి లైనును లూప్‌లో పెట్టి నాలుగు టేకుల్లోనూ అదే లైను విని, బాగున్నదానికి టిక్కు పెట్టి, తర్వాత రెండో లైనుకి వెళ్లండి. నాలుగో టేకు మొత్తం విన్నాక మొదటి టేకు ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు. శ్రుతి ఒక్కదాన్నే చూసి మార్కులు వేయకండి. శ్రుతి కాస్త తేడా ఉంటే తర్వాత దిద్దుకోవచ్చు, తాళం జరుపుకోవచ్చు. కానీ భావం లేకుండా పాడిన లైనులోకి భావం తెచ్చే ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న సాధనం) లేదు, నలిగిపోయిన ‘ళ’ని ‘ళ’గా మార్చే ప్లగిన్ కూడా లేదు. నా లెక్కలో వరస ఇలా ఉంటుంది: భావం, ఉచ్చారణ, తాళం, ఆఖర్న శ్రుతి.

గళ్లు నిండాక ఎక్కువ టిక్కులున్న టేకును మూలంగా పెట్టుకోండి. దాంట్లో బాగాలేని చోట్లకు మాత్రమే మిగతావాటినుంచి ముక్కలు తెచ్చుకోండి. ప్రతి పదానికీ అత్యుత్తమమైనది ఏరుకుంటూ పోతే పాట అతుకుల బొంత అవుతుంది. ఒక మనిషి ఒక ఊపులో పాడినట్టు ఉండదు. ఒక లైనులో రెండు అతుకులకు మించితే నేను ఆ లైను మళ్లీ పాడించుకుంటాను. నాలుగింటిలోనూ బాగాలేని లైనును దిద్దుతూ గంటలు గడిపేకంటే పది నిమిషాలు మైకు ముందు నిలబడటం నయం. మళ్లీ పాడేటప్పుడు అదే గది, అదే మైకు, మైకుకి అంతే దూరం ఉండాలి. వీలైతే అదే పూట పాడండి. పొద్దున లేచిన గొంతూ సాయంత్రం గొంతూ ఒకేలా ఉండవు, అతికితే పట్టిచ్చేస్తాయి.

రీపర్‌లో ఒకే చోట మళ్లీ మళ్లీ రికార్డు చేస్తే టేకులన్నీ ఒకే ఐటెమ్‌లో పొరలుగా చేరతాయి. కంట్రోల్ ఎల్ నొక్కితే అన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. కోయాల్సిన చోట కర్సర్ పెట్టి ఎస్ నొక్కితే అన్ని టేకులూ ఒకేసారి తెగుతాయి. ఏ ముక్కలో ఏ టేకు కావాలో దాని మీద క్లిక్ చేయడమే. 2023లో వచ్చిన ఏడో వెర్షన్‌నుంచి లేన్ల పద్ధతి (టేకులు విడివిడి వరసల్లో ఉండేది) కూడా ఉంది. నచ్చిన టేకు మీద మౌసుతో గీస్తూ పోతే ఆ ముక్కలన్నీ పైన ఒక లైనుగా కూడతాయి. ఏదైనా పర్వాలేదు, పాత పద్ధతి చేతికి అలవాటైతే అదే వాడండి.

ఇక అసలు విషయం, కోత పడాల్సిన చోటు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పాడేటప్పుడు ఒక మాట చివరి అచ్చు సాగి తర్వాతి మాటలోకి కలిసిపోతుంది. కాబట్టి రాతలో కనిపించే పదాల మధ్య ఖాళీ పాటలో చాలాసార్లు ఉండదు. నిజమైన ఖాళీ హల్లులో దొరుకుతుంది, అదీ తరచు పదం నడుమ. గసడదవాదేశ సంధి దగ్గర బడిలో బట్టీపట్టిన పరుషాలు గుర్తున్నాయా? క, చ, ట, త, ప. ఇవి పలికే ముందు నోట్లో గాలి పూర్తిగా ఆగుతుంది. ఆగినంతసేపూ, అంటే సెకనులో పదో వంతో ఇరవయ్యో వంతో, వేవ్‌ఫామ్ దాదాపు గీతలా ఉంటుంది. ఆ తర్వాత నిటారుగా ఒక చిన్న ముల్లులా లేస్తుంది, అదే గాలి విడుదలైన క్షణం. ఆ ముల్లుకి కాస్త ముందు, గీతలా ఉన్న భాగంలో కోయండి. అక్కడ గొంతు మోగడం లేదు కాబట్టి రెండు టేకుల శ్రుతి, స్థాయి కొద్దిగా తేడా ఉన్నా చెవికి తెలియదు.

ఒక లైను తీసుకుని చూద్దాం: ‘పొద్దు పొడిచే దారిలో పక్కనే నడిచావు’. మొదటి సగం రెండో టేకులో బాగుంది, రెండో సగం నాలుగో టేకులో బాగుంది అనుకుందాం. ‘దారిలో’ చివర ‘ఓ’ తగ్గుతూ వచ్చిన చోట కోస్తే గొంతు ఇంకా మోగుతూనే ఉంటుంది. అక్కడ రెండు టేకుల ‘ఓ’లు కలవవు. మీకు వినిపిస్తున్న ‘టిక్’ ఇలాంటి చోట్లదే. కాస్త ముందుకు జరగండి. ‘పక్కనే’లోని మొదటి ‘ప’కి పెదాలు మూసుకున్న చోట చిన్న నిశ్శబ్దం ఉంటుంది. కోత అక్కడ. అది కుదరకపోతే ‘క్క’ దగ్గర ఇంకా పొడుగైన నిశ్శబ్దం ఉంది, పదం మధ్యలో కోస్తున్నామే అని సంకోచించకండి. ‘పొద్దు’లో ‘ద్ద’ అంత సుఖం కాదు. గ, జ, డ, ద, బ పలికేటప్పుడు నోరు మూసుకున్నా గొంతు లోపల సన్నగా మోగుతూనే ఉంటుంది. తప్పదంటే కోయొచ్చు, కానీ రెండు ముక్కలనూ కలుపుతూ ఫేడ్ (శబ్దం మెల్లగా తగ్గడం, పెరగడం) కాస్త పొడుగ్గా పెట్టాలి.

ద్విత్వం దగ్గర ఒక జాగ్రత్త అవసరం. ‘క్క’నీ ‘క’నీ చెవి విడదీసేది ముఖ్యంగా ఆ నిశ్శబ్దం పొడవుని బట్టే. అతికేటప్పుడు అది కుదించుకుపోతే ‘పక్కనే’ కాస్తా ‘పకనే’ అవుతుంది. తెర మీద అంతా నున్నగా అతికినట్టే ఉంటుంది, విన్నవాళ్లకు మాత్రం పాడినవాళ్లకు తెలుగు రాదేమో అనిపిస్తుంది. అతికాక అదే పదం అసలు టేకులో ఎంతసేపు ఆగిందో పక్కన పెట్టి చూసుకోండి.

స, శ, ష కూడా కోతకు మంచి చోట్లే. అవి గాలి శబ్దం, వాటికి శ్రుతి ఉండదు. ఆ బుస మధ్యలో కోసి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) పెడితే అతుకు దొరకడం కష్టం. న, మ, ల, ర, య, వ, ఇంకా అచ్చులన్నీ ప్రమాదకరమైన చోట్లు. ‘అమ్మ’లో ‘మ్మ’ ద్విత్వమే అయినా అక్కడ నిశ్శబ్దం లేదు, ముక్కులోంచి గొంతు మోగుతూనే ఉంటుంది. ఇలాంటిచోట కోయక తప్పకపోతే వేవ్‌ఫామ్‌లో ఒక్కొక్క అల విడిగా కనిపించేదాకా జూమ్ చేయండి. గొంతు 200 హెర్ట్జ్ దగ్గర పాడుతుంటే ఒక్కో అల 5 మిల్లీసెకన్లు ఉంటుంది. ఎడమ ముక్క అల మధ్యగీతను కిందినుంచి పైకి దాటే చోట ముగియాలి, కుడి ముక్క కూడా అలాగే పైకి దాటే చోట మొదలవ్వాలి. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి పోతుంటే క్రాస్‌ఫేడ్‌లో రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మధ్యలో గొంతు క్షణంపాటు బోలుగా వినిపిస్తుంది.

క్రాస్‌ఫేడ్ గురించి కాస్త. రీపర్ కోసిన చోట తనంతట తానే కొన్ని మిల్లీసెకన్ల ఫేడ్ పెడుతుంది, టూల్‌బార్‌లో ఆటో క్రాస్‌ఫేడ్ బటన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ‘టిక్’ శబ్దానికి కారణం సిగ్నల్ ఒక విలువనుంచి ఇంకో విలువకి ఒక్క శాంపుల్‌లో (డిజిటల్ శబ్దంలో అతి చిన్న కొలత) దూకడం. చిన్న ఫేడ్ ఆ దూకుడును వాలుగా మారుస్తుంది. హల్లు నిశ్శబ్దంలో 5 నుంచి 10 మిల్లీసెకన్లు చాలు. సాగదీసిన అచ్చులో అయితే 30, 40 దాకా వెళ్లొచ్చు, అయితే ముందు చెప్పినట్టు అలలు కలవాలి. రెండు వేర్వేరు టేకులను అతికేటప్పుడు ఈక్వల్ పవర్ అనే ఫేడ్ ఆకారం వాడండి, నడుమ శబ్దం తగ్గకుండా ఉంటుంది. ఒకే టేకును కోసి మళ్లీ అక్కడే కలుపుతుంటే సాదా ఈక్వల్ గెయిన్ సరిపోతుంది, ఈక్వల్ పవర్ పెడితే నడుమ కొద్దిగా ఉబ్బుతుంది.

ఇదేం కంప్యూటర్లతో వచ్చిన తెలివి కాదు. రేడియోలో, రికార్డింగ్ థియేటర్లలో టేపును బ్లేడుతో కోసి అతికించే రోజుల్లో కూడా నిట్టనిలువుగా కోసేవారు కాదు, ఏటవాలుగా కోసేవారు. పావు అంగుళం టేపు సెకనుకి 38 సెంటీమీటర్ల వేగంతో తిరుగుతుంటే, 45 డిగ్రీల కోత ప్లేబ్యాక్ హెడ్‌ని దాటడానికి సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే వాళ్లు బ్లేడుతోనే 17 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ పెట్టారన్నమాట. పైగా వాళ్లకు అన్‌డూ లేదు.

ఊపిరి సంగతి. మీరు మొత్తం తీసేశారు, అందుకే గొంతు మనిషిది కానట్టుంది. లైను ముందు తీసిన ఊపిరి ఆ లైనులో భాగం. ఎంత గట్టిగా తీస్తే అంత గట్టిగా పాడబోతున్నారని వినేవారికి ముందే తెలుస్తుంది. కాబట్టి ఒక లైనును ఏ టేకునుంచి తెస్తే దాని ముందున్న ఊపిరి కూడా అదే టేకునుంచి రావాలి, కోత ఊపిరికి ముందు పడాలి. ఊపిరి మరీ పెద్దగా ఉంటే దాన్ని విడిగా కోసి 6 నుంచి 10 డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయికి కొలత) తగ్గించండి, మొదట్లో చిన్న ఫేడ్ ఇన్ పెట్టండి. ఎక్కడైనా తీసేయాలనిపిస్తే ఇంటర్‌లూడ్‌కి ముందు, పాడటం అయిపోయాక వచ్చే ఊపిర్లు తీసేయొచ్చు.

ఖాళీ భాగాలను నిర్దాక్షిణ్యంగా కత్తిరించడం వల్ల ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్లలో ఫ్యాను ఆపినా పక్కగది ఫ్యాను, ఫ్రిజ్జు, వీధి ఏదో ఒకటి మైకులోకి వస్తుంది. పాడుతున్నప్పుడు ఆ సవ్వడి ఉండి, ఆపగానే టక్కున పోతే, మళ్లీ పాడగానే టక్కున వస్తే చెవి దాన్నే పట్టుకుంటుంది. మొత్తం ఉన్నా అంత ఇబ్బంది ఉండదు. అందుకే లైను చివర ఫేడ్ అవుట్‌ను అర సెకను దాకా సాగదీయండి. రికార్డింగ్ రోజున ఎవరూ ఏమీ మాట్లాడకుండా పది సెకన్లు గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకుంటే, అతుకుల మధ్య కింద పరచడానికీ నాయిస్ రిడక్షన్‌కి నమూనాగా ఇవ్వడానికీ పనికొస్తుంది. సన్నటి గుయ్ మన్న శబ్దం ఉంటే అది 50 హెర్ట్జ్ కరెంటు హమ్, దాని రెట్లు 100, 150 దగ్గర కూడా ఉంటాయి. ఆ మూడు చోట్లా ఈక్యూలో (శబ్దంలో కావాల్సిన ఆవృత్తుల్ని పెంచే, తగ్గించే సాధనం) ఇరుకైన కోత పెట్టొచ్చు. కానీ మగగొంతు కింది స్థాయిలో పాడితే అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది, కాబట్టి కేబుల్ మార్చి, ఛార్జర్ తీసి మళ్లీ పాడటమే మేలు.

తాళం దగ్గరికి వద్దాం. జరిపే ముందు ఒక పరీక్ష చేయండి. అన్ని లైన్లూ ఒకే మోతాదులో వెనకబడ్డాయా, లేక కొన్ని మాత్రమేనా? ఒకే మోతాదు అయితే తప్పు మీ గొంతుది కాదు, లేటెన్సీది, అంటే పరికరాల్లోంచి శబ్దం రావడానికి పట్టే ఆలస్యానిది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లో ట్రాక్ వింటూ పాడితే అది మీ చెవికి చేరేసరికే సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకు రెట్టింపు ఆలస్యం అవుతుంది. దాన్ని వింటూ మీరు సరిగ్గా పాడినా రికార్డింగ్‌లో వెనకే ఉంటారు. రికార్డింగ్‌కి ఎప్పుడూ వైరు హెడ్‌ఫోనే. వైరు ఉన్నా ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) డ్రైవర్ లెక్క తప్పు చెప్పొచ్చు. తేల్చుకోవడానికి హెడ్‌ఫోన్‌ని మైకుకి ఆనించి ప్రాజెక్టులోని క్లిక్‌నే రికార్డు చేయండి. రికార్డయిన క్లిక్ అసలు క్లిక్‌కి ఎంత వెనక ఉంటే అంత తేడాను రికార్డింగ్ సెట్టింగుల్లో సవరిస్తే ఇకముందు పాడేవి సరిగ్గా పడతాయి. ఇప్పటికే పాడినవాటిని మొత్తంగా అంతే ముందుకు, అంటే తెర మీద ఎడమవైపుకి జరిపేయండి, లైను లైనుగా కాదు.

కొన్ని లైన్లే వెనకబడితే అప్పుడు చేతిపని. ఇక్కడే మీరు గ్రిడ్‌కి జరిపి పాడు చేసింది. ‘స్వరం’ అనే మాట తీసుకోండి. తెర మీద ఐటెమ్ మొదలయ్యేది ‘స’ బుసతో. మీరు ఆ బుస మొదలును గ్రిడ్ గీతకి ఆనించారు. కానీ చెవి తాళాన్ని లెక్కపెట్టేది హల్లు మొదలుతో కాదు, అచ్చు మోగడం మొదలైన చోటుతో. ‘స్వ’లో అచ్చు వచ్చేసరికి ఆ బుస గడిచిపోవాలి, అది సెకనులో పదో వంతు దాకా పట్టొచ్చు. అంటే మీరు సరిగ్గా ఉన్న లైనునే అంత వెనక్కి తోశారు. ‘స్త్రీ’, ‘శ్రీ’, ‘ప్రాణం’ లాంటి జంట హల్లులతో మొదలయ్యే మాటలన్నీ ఇంతే. అలలు క్రమంగా మోగడం మొదలైన చోటు చూసి, ఆ చోటును దెబ్బకి దగ్గరగా పెట్టండి. హల్లు గీతకి ముందుకి పొడుచుకొచ్చినా ఏం పర్వాలేదు, రావాలి కూడా.

జరిపేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే స్నాప్ (గ్రిడ్ గీతకి దానంతటదే అతుక్కోవడం) పనిచేయదు. ఆల్ట్ పట్టుకుని ఐటెమ్ మీద లాగితే దాని అంచులు కదలకుండా లోపలి శబ్దం మాత్రమే జరుగుతుంది. చక్కగా అతికిన చోట్లను చెడగొట్టకుండా మధ్య ముక్కను సర్దడానికి ఇది చాలా పనికొస్తుంది. 15, 20 మిల్లీసెకన్ల తేడా ఉంటే నేను ముట్టుకోను. మెలోడీ పాటల్లో గొంతు దెబ్బకి కాస్త వెనకగా నడవడం అందమే. అన్నీ గీతల మీద కూర్చోబెడితే పాట లెక్కల పుస్తకంలా ఉంటుంది. టైమ్ స్ట్రెచ్ (శ్రుతి మారకుండా శబ్దాన్ని సాగదీయడం, కుదించడం) మాత్రం చివరి అస్త్రం. ఒక పదం పొడుగు తగ్గించాలంటే ముందు సాగదీసిన అచ్చులో కొంత తీసేయగలమా అని చూడండి. స్ట్రెచ్ చేయాల్సొస్తే అచ్చునే చేయండి, హల్లుల్ని సాగదీస్తే ‘ట’ పలుచనై నాలుక మందమైనట్టు వినిపిస్తుంది.

గ్రిడ్ విషయంలో ఇంకొక మాట. మీ ట్రాక్ మిశ్రచాపులో ఉంటే ప్రాజెక్టు టైమ్ సిగ్నేచర్ 7/8 పెట్టండి, ఖండచాపు అయితే 5/8. 4/4లోనే వదిలేస్తే గీతలు ఎక్కడో పడి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. క్లిక్ లేకుండా తబలాతోనో గిటార్‌తోనో కలిసి పాడిన రికార్డింగ్ అయితే గ్రిడ్ మొత్తం ఆపేయండి, వాద్యమే మీ గ్రిడ్.

కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల తేడాను తగ్గించే సాధనం) వేసే ముందు స్థాయిలు చేత్తో సర్దండి. లైను చివరి అక్షరాలు మనవాళ్లకు తరచు జారిపోతాయి. ‘నడిచావు’లో ‘వు’ వినపడదు. ఆ ఒక్క అక్షరాన్ని కోసి 2, 3 డీబీ పెంచితే మాట మొత్తం తేటపడుతుంది. కీచుమన్న ‘స’ని, ‘శ’ని కూడా ఇలాగే విడిగా కోసి 4, 5 డీబీ తగ్గించడం నాకు ఇష్టం. పాట మొత్తానికి డీ-ఎస్సర్ (‘స’ కీచును తగ్గించే సాధనం) గట్టిగా వేస్తే మంచి ‘స’లు కూడా ‘థ’లు అవుతాయి. మైకుకి ‘ప’, ‘భ’ల గాలి కొట్టి ధబ్ మన్న చోట, ఆ అక్షరం మొదలుని 10, 20 మిల్లీసెకన్ల ఫేడ్ ఇన్‌తో అణచండి. అప్పటికీ పోకపోతే ఆ ముక్క మీద మాత్రమే 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది ఆవృత్తుల్ని తీసేసే ఫిల్టర్) పెట్టండి.

ఇప్పుడు ఆటో-ట్యూన్. 1997లో వచ్చింది. తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతకడానికి భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనుల మీద పనిచేసిన ఇంజనీరు. శబ్దంలో ఆవృత్తి కనిపెట్టే ఆ గణితమే గొంతుకీ పనికొచ్చింది. ఈ సాధనం మీద నాకు కోపం లేదు. కానీ దాని మామూలు లెక్క ఇది: గొంతు ఏ స్వరానికి దగ్గర్లో ఉంటే దాని మీదికి లాగు. మన పాటలో స్వరం ఒకచోట నిలబడాలని లేదు. తోడి రాగంలో గాంధారాన్ని కదలకుండా పాడితే అది తోడే కాదు, ఊపాలి. ఆ ఊపును సాఫ్ట్‌వేర్ తప్పుగా లెక్కగట్టి పక్క స్వరాల మధ్య మెట్లుమెట్లుగా కోసేస్తుంది. సినిమా పాటల ధోరణిలో రాసుకున్న సొంత పాటలో కూడా జారుళ్లు, చిన్న గమకాలు ఉంటాయి. కాబట్టి పాట మొత్తం మీద వేయకండి. రీపర్‌తోపాటే వచ్చే రియాట్యూన్‌లో చేత్తో దిద్దే పద్ధతి ఉంది, మెలోడైన్ అనే శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా సుఖం. లైను చివర నిలబెట్టిన స్వరం తగ్గిందనుకోండి, ఆ స్వరం సగటు శ్రుతిని మాత్రమే పైకి జరపండి, లోపలి కదలికను అలాగే ఉంచండి. దిద్దేది టేకులన్నీ అతికాక, స్థాయిలు సర్దాకే. ముందే దిద్దేస్తే ఆ తర్వాత వాడని ముక్కల మీద చేసిన శ్రమంతా వృథా.

గిటార్ లాంటివి మీరు అడగలేదు కానీ క్లుప్తంగా చెబుతాను. తీగను మీటిన శబ్దానికి సరిగ్గా ముందు కోయండి, అంతకుముందు మోగుతున్న తీగల తోక కోసం క్రాస్‌ఫేడ్‌ని వెనక్కి సాగదీయండి. తబలాకి రెండు మైకులు పెట్టి ఉంటే రెండు ట్రాకుల ఐటెములను ఎంచుకుని జి నొక్కి గ్రూపు చేశాకే కోత. ఒక మైకు ట్రాక్ 3 మిల్లీసెకన్లు జరిగినా, అది మైకును మీటరు దూరం జరిపినంత పని. రెండు మైకుల అలలు కలవక (దీన్నే ఫేజ్ తేడా అంటారు) బాయ, అంటే ఎడమచేతి తబలా, పలచబడుతుంది.

అంతా అయ్యాక కంప్యూటర్ తెర ఆఫ్ చేసి వినండి. కోతలు కనిపిస్తున్నంతసేపూ ప్రతి గీత దగ్గరా చెవి అతుకు కోసం వెతుకుతుంది, లేని తప్పు కూడా వినిపిస్తుంది. గొంతును ఒంటరిగా సోలోలో ఎక్కువసేపు వినకండి. ట్రాక్‌తో కలిపి వింటే దొరకని అతుకును దిద్దడం అనవసరం, అలా దిద్దుకుంటూ పోయే పాటలు బయటికే రావు. హెడ్‌ఫోన్లో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. దొరికినవాటిని కాగితం మీద రాసుకుని ఒక్క విడతలో దిద్దేయండి.

మిక్సింగ్ వేరేవాళ్లకు ఇస్తున్నారా? గొంతు ముక్కలన్నింటినీ ప్రాజెక్టు మొదటి క్షణంనుంచి చివరిదాకా ఒకే ఫైలుగా కలిపి 24 బిట్ వేవ్‌గా పంపండి, మీరు రికార్డు చేసిన శాంపుల్ రేటులోనే. ఎంపీ3 వద్దు. క్వాలిటీ మాట అటుంచి, ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు మొదట్లో కొద్దిపాటి ఖాళీ చేరుతుంది, అంత కష్టపడి సర్దిన తాళం అవతలివాళ్ల దగ్గర మళ్లీ వెనకబడుతుంది. స్నేహితుడు మీకిచ్చిన కీబోర్డు ట్రాక్ ఎంపీ3 అయితే, ఈ పని మొదలుపెట్టకముందే దాని వేవ్ ఫైలు అడిగి తెచ్చుకుని పాతదాని చోట సరిగ్గా కలిసేలా పెట్టుకోండి. పాట మొదటి దెబ్బను రెండు ఫైళ్లలోనూ జూమ్ చేసి చూస్తే ఎంత జరపాలో తెలిసిపోతుంది. ఎడిట్ చేయని మూలం టేకును కూడా విడిగా ఒక ఫైలుగా జతచేయండి, ఎక్కడైనా అతుకు దొరికితే మిక్స్ చేసేవాళ్లే దాంట్లోంచి తీసుకుని సర్దుకుంటారు.